చుక్కల తిమ్మక్క

తిమ్మక్కకు ఈ లోకాన్ని అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న ఉంది: "యాడుండావు?" బాగున్నారా అని ఆమె అడగదు, తిన్నారా అనీ అడగదు. మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే తక్కిన సంగతులన్నీ ఆమె ఊహించుకోగలదు. అయితే ఆ ప్రశ్నకు మీరిచ్చే జవాబును మాత్రం నమ్మదు. మీ మాట పూర్తి కాకముందే, "నోటి మాట నాకొద్దప్పా, లొకేషన్ పంపు," అంటుంది. మీరు పంపుతారు. ఆమె ఫోనులోని పటం మీద ఒక చుక్క వెలుగుతుంది. మీ మాటా ఆ చుక్కా ఒకే చోట ఉంటే మీరు పెద్దమనిషి. లేకపోతే ఆ పూట మీ జాతకం బాగాలేదన్నమాట.

బాగేపల్లి తాలూకా గూళూరు హోబళిలో వంక ఒడ్డునున్న నల్లగుట్లపల్లి జనం ఆమెకు చుక్కల తిమ్మక్క అని పేరు పెట్టారు. ఆమె ముందు అనరు. ఆమె వెనక అన్నా, తాము ఎక్కడ నిలబడి అన్నారో ఆమెకు తెలిసిపోతుందన్న భయం మాత్రం అందరికీ ఉంది.

ఆమె మరిది రామచంద్రప్ప బాగేపల్లి తాలూకు కచేరీలో శిరస్తేదారుగా పనిచేసి విరమించిన మనిషి. ఇంగ్లీషు మీడియంలో చదివాడు. రెండు పక్షాల వాదనా వినకుండా తీర్పు చెప్పడం పాపమని ఆయన నమ్మకం. కోడి ఎవరిదన్న తగాదా వస్తే కోడిని కూడా విచారించాలనే తత్త్వం. వదిన మీద ఆయనకు గౌరవానికి లోటు లేదు. ఆమె ఫోను మీద మాత్రం పెద్ద ఫిర్యాదే ఉంది.

ఆ ఫోను చిక్కబళ్ళాపురంలో ఉండే ఆమె కూతురు వినుత కొనిచ్చింది. సీరియళ్ళు చూసుకోమంది, మనవరాలి ఫొటోలు చూసుకోమంది, వంటల వీడియోలు చూపించింది. తిమ్మక్క అన్నీ ఓపిగ్గా విని, "ఇవన్నీ సరేగానీ, నువ్వు యాడుండావో చూపిస్తాదా ఇది?" అని అడిగింది. చూపిస్తుందని వినుత చెప్పిన క్షణం నుంచి ఆ ఫోనుకు వేరే ఉపయోగాలన్నీ రద్దయిపోయాయి. ఒకసారి ఎవరో దానికి ఫోన్ చేస్తే, పటం చూసుకుంటున్న తిమ్మక్క విసుక్కుంది. "దీన్లో ఇదొకటి, ఊరికే మోగుతాంటాది!"

మొదటి వేటు వినుత భర్త పునీత్ మీద పడింది. అతను బెంగళూరులో గది తీసుకుని ఉద్యోగం చేస్తాడు, సెలవుల్లో అత్తగారింటికి వస్తాడు. ఒక ఆదివారం భోజనానికి వస్తానన్నాడు. ఆ ఉదయం తిమ్మక్క ఫోన్ చేసింది.

"యాడుండావు అల్లుడా?"

"చిక్కబళ్ళాపురం దాటేసినానత్తా. ఇంగ వచ్చేసినట్లే."

"లొకేషన్ పంపు."

పంపక తప్పలేదు. ఆమె చుక్కను చూసింది. చుక్క చుట్టూ ఉన్న వీధిని చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా అంది. "నాయనా, నీ చుక్క ఇంగా మంచం మీదే ఉండాది. అది లేచి మొగం కడుక్కున్నాక నువ్వూ బయల్దేరు. కోడికూర అంతవరకూ పొయ్యి మీదికి ఎక్కించను."

పశువుల డాక్టరు ఆదినారాయణప్పది మరో కథ. ఆ ప్రాంతంలో "దారిలో ఉండా" అనే మాటకు చెప్పుల కోసం వెతుక్కుంటున్నానని అర్థం. ఆ అర్థాన్ని డాక్టరు ఇంకా విశాలం చేశాడు. తిమ్మక్క ఆవు ఈనలేక అవస్థ పడుతున్న రోజున ఆయన దారిలోనే ఉన్నాడు, చాలాసేపు దారిలోనే ఉన్నాడు. దూడ పుట్టి, లేచి, తల్లిపాలు తాగిన తర్వాత వచ్చి, "అంతా చక్కగా జరిగిందే!" అని మెచ్చుకుని వెళ్ళబోయాడు. తిమ్మక్క ఆయన బండికి అడ్డంగా నిలబడింది. లొకేషన్ పంపడం నేర్పి గానీ కదలనివ్వలేదు. తర్వాతి పిలుపుకు ఆయన "దారిలో ఉండా తల్లీ" అనగానే సమాధానం వచ్చింది: "తెలుస్తాండాది సార్. ఆ టీ అంగట్లో బజ్జీలు బాగుంటాయంట. ఆవుకూ ఒకటి కట్టించుకురండి."

రామచంద్రప్ప ఇక్కడొక విషయం గమనించి ఉండవలసింది. మంచం సంగతి ఊరికి చెప్పింది పునీతే. బజ్జీల సంగతి చెప్పుకుని వాపోయింది డాక్టరే. అంత విచారణ తెలిసిన మనిషికి కూడా ఆనాడు అది తట్టలేదు.

వానాకాలం వస్తే తిమ్మక్క చాదస్తానికి తోడు ఒక కార్యక్రమం మొదలయ్యేది. ఖాళీ పాల కవర్లను సబ్బుతో కడిగి, దండెం మీద బట్టల మధ్య వరుసగా ఆరేసేది. ఊరు దాటి ఎవరు కాలు బయటపెట్టినా ఆ గుమ్మం ముందునుంచే పోవాలి గనుక, ఒక్కొక్కరినీ ఆపి ఫోను కవర్లో పెట్టించి, మూతి రబ్బరు బ్యాండుతో బిగించేది. బిగిస్తూ పాఠం చెప్పేది.

"ఛార్జి నిండా ఉండాదా? వీడియోలు చూసి ఆరగొట్టుకోవద్దు. సిగ్నలు సరిగ్గా లేకపోతే ఊరికే ఫోన్ చేసి చేసి బ్యాటరీ చంపొద్దు, మెసేజ్ పెట్టు. మాట పోని చోట అక్షరం పోతాది. టార్చి ఊరికే వెలిగించుకోని కూర్చోవద్దు. మనిషి అలికిడైనప్పుడే వెలిగించు, ఆర్పు, వెలిగించు."

"నేను గూళూరుకు క్షవరానికి పోతాండా తిమ్మక్కా," అనేవాడు ఆంజనప్ప.

"క్షవరానికి పోయినా కాలేజీకి పోయినా వంక ఒకటే కదప్పా. లొకేషన్ పంపినావా?"

ఊరంతా పంపింది. పంపనిది రామచంద్రప్ప ఒక్కడే. ప్రతి బుధవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బాగేపల్లి గ్రంథాలయానికి బయలుదేరేవాడు. ప్రతి బుధవారం గుమ్మంలో ఆ సంవాదం జరిగేది.

"వదినా, మనిషికి వ్యక్తిగత గోప్యత అని ఒక హక్కు ఉంది. నేను ఎక్కడ ఉన్నానో తెలుసుకునే అధికారం ప్రభుత్వానికి కూడా ఊరికే లేదు."

"గవర్నమెంటుకు నేను చెప్పను లేప్పా."

"ప్రశ్న అది కాదు. సూత్రం ముఖ్యం."

"లైబ్రరీలో కూర్చునేదానికి సూత్రమెందుకు? అంబికకు కూడా చెప్పకుండా యాడికైనా పోతాండావా?"

అంబిక ఆయన కోడలు. ఆ పేరు వినగానే రామచంద్రప్ప గొడుగు తీసుకుని వడివడిగా బస్టాండు వైపు నడిచేవాడు. సూత్రాలు గల మనిషి అంత వేగంగా నడవడం అరుదు.

ఈ పిచ్చి ఆమెకు ఎందుకు పట్టిందో చెప్పాలంటే ఆమె భర్త గంగప్పను తలచుకోవాలి. ఆయన రామచంద్రప్పకు అన్న. "ఇక్కడే ఉండా" అన్నది ఆయన ఊతపదం. సెల్ ఫోన్లు రాని రోజుల్లో, గౌరిబిదనూరు పోతున్నానని చెప్పి వెళ్ళినవాడు ఏదో టెలిఫోను బూతు నుంచి ఊరి కిరాణా అంగడికి ఫోన్ చేసి, "ఇక్కడే ఉండా, వస్తాండా అని మా ఇంటిదానికి చెప్పు," అన్నాడు. ఆ సాయంత్రం కుండపోత వాన. వంక పొంగింది. ఇక్కడే ఉన్నానన్నవాడు ఇంటికి రాలేదు గనుక వంకలోనే పోయి ఉంటాడని ఊరంతా లాంతర్లతో వెతికింది. ఆంజనప్ప గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. తెల్లవారి గంగప్ప తల దువ్వుకుని, మైసూరుపాకు పొట్లంతో వచ్చాడు. ఆయన "ఇక్కడ" హిందూపురంలో సినిమా హాలు. వంక దగ్గర గుంపును చూసి, "ఏమప్పా?" అని అడిగితే, ఎవడో వెనక్కి తిరగకుండానే "మనిషి పోయినాడు, ఒక కర్ర పట్టు," అన్నాడు. గంగప్ప పొట్లం గట్టు మీద పెట్టి, తాను కూడా కొంతసేపు శ్రద్ధగా వెతికాడు. "ఎవురప్పా పోయింది?" అని ఆయన అడిగేదాకా అది బయటపడలేదు.

గంగప్ప తర్వాత చాలా ఏళ్ళు బతికి, మంచం మీద, అందరికీ తెలిసిన చోటే కన్నుమూశాడు. ఆంజనప్ప కుంటు మాత్రం మిగిలింది. ఆ కుంటు గుమ్మం ముందు నడిచిపోయినప్పుడల్లా తిమ్మక్కకు ఆ రాత్రి గుర్తొచ్చేది.

ఇక ఆ కార్తీకమాసపు వాన సంగతి.

మూడు రోజులుగా ముసురు పట్టింది. పైనున్న చెరువు నిండి, మరవ మీదుగా నీళ్ళు పొర్లుతున్నాయని ఉదయమే కబురు వచ్చింది. రామచంద్రప్ప వదినను చూడబోయాడు. ఆమె వంక అవతల తన మల్బరీ తోటలో ఉన్న బోరు మోటారుకు ఫోన్ చేస్తోంది. ఆ మోటారుకు మొబైల్ స్టార్టరు ఉంది. ఫోన్ చేస్తే ఎత్తి, కన్నడంలో తన పరిస్థితి చెబుతుంది. "మోటార్ ఆఫ్ ఆగిదె," అంటూ, మోటారు ఆగి ఉందని చెప్పిన గొంతు రామచంద్రప్పకు కూడా స్పష్టంగా వినిపించింది.

"మోటారు కూడా మనుషులకన్నా నయం," అంది తిమ్మక్క ఫోన్ పెట్టేసి. "అడిగిందానికి నిజం చెప్తాది."

సాయంత్రం కావస్తుండగా చెరువు కట్ట తెగింది. వంక వంకలా లేదు. అవతలి తోటలన్నీ ఎర్రటి నీళ్ళ కింద కలిసిపోయాయి. కరెంటు పోయింది. టవరు ఒకసారి పలికి రెండుసార్లు మూగబోతోంది. పల్లె దాదాపు గట్టు మీదే ఉంది గనుక ఇళ్ళకు ప్రమాదం లేదు. జనం గుమ్మాల్లో నిలబడి తమవాళ్ళను లెక్కపెట్టుకుంటున్న వేళ, కెంపమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

కెంపమ్మ భర్త కొండప్ప తమాటా రైతు. ఉదయం టెంపోలో చింతామణి మార్కెట్టుకు పోతున్నానని చెప్పి బయలుదేరాడు. చింతామణి దారిలో కాజ్‌వే మీద తమాటా టెంపో ఒకటి కొట్టుకుపోయిందని ఇప్పుడే ఎవరో చెప్పారు. డ్రైవరునూ కూలివాణ్ణీ అక్కడివాళ్ళు బయటికి లాగారట. మూడో మనిషి ఉన్నాడో లేడో తెలియదట.

"నా మొగుడే అక్కా! ఆ మూడో మనిషి నా మొగుడే!" అని కెంపమ్మ తిమ్మక్క చేతులు పట్టుకుంది.

అగ్నిమాపక దళం రబ్బరు పడవను జీపు మీద వేసుకుని అప్పటికే ఊరి మొగదలకు వచ్చింది. పడవ ఒకటే. దళానికి పెద్ద నాగరాజ్ అనే చిక్కబళ్ళాపురం మనిషి. అతను కెంపమ్మ మాట విని జీపును చింతామణి రోడ్డు వైపు తిప్పమన్నాడు. "చీకటి పడితే పడవ దించలేం. త్వరగా!"

రామచంద్రప్ప వదిన వైపు చూశాడు. లోకాన్నంతా ఎక్కడున్నావని అడిగే మనిషి ఇప్పుడు నోరు విప్పడం లేదు. ఫోనును చీర కొంగు కింద పెట్టుకుని చూస్తోంది. ఆయన ఆమె పక్కకు వెళ్ళి గొంతు తగ్గించాడు.

"ఏంది వదినా? కొండప్ప చుక్క ఉండాదా?"

ఆమె కొంగు కొంచెం తొలగించి చూపింది. చుక్క చింతామణిలో లేదు. ఆ రోడ్డు మీదా లేదు. వంక అవతల, ఆమె మల్బరీ తోటకు ఆనుకుని, పాడుబడిన పంపు షెడ్డు మీద ఉంది.

"వీడు అక్కడ ఏం చేస్తాండాడు?"

"నాటకం," అని గొణిగింది తిమ్మక్క.

రామచంద్రప్పకు ఒక్క మాటతో అంతా తెలిసింది. ఆ ప్రాంతంలో పౌరాణిక నాటకం పిచ్చి పట్టినవాడు వైద్యానికి లొంగడు. నాలుగేళ్ళ కిందట రాజు వేషం కోసం కొండప్ప పాలిచ్చే ఆవునమ్మి, హార్మోనియం మేస్త్రికి దక్షిణ ఇచ్చి, కిరీటం కొన్నాడు. నాటకం రోజున మూడో పద్యం మరచిపోయి, ఏం చేయాలో తోచక మొదటి పద్యాన్నే మళ్ళీ పాడాడు. మళ్ళీ మొహానికి రంగు పూస్తే పిల్లలతో జంగమకోటెలోని పుట్టింటికి పోతానని, పోతే తిరిగి రానని, ఆ రాత్రే కెంపమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆమె ఒట్టు పెట్టుకుంటే నిలబెట్టుకునే మనిషి.

"ఉగాది నాటకంలో మళ్ళీ రాజు వేషమంట," అంది తిమ్మక్క. "టెంపోను ఒక్కదాన్నే మార్కెట్టుకు పంపించి, ఎవురూ వినకుండా ఆ షెడ్డులో పద్యాలు చదువుకుంటాండాడు. చుక్క అక్కడుందని నేను పట్టుకుంటే కాళ్ళ మీద పడినాడు. కెంపికి చెప్పను గానీ నాకు మాత్రం యాడుండావో చెప్పి పో అన్నా."

"ఇంకా ఆలోచిస్తావేంది? చెప్పెయ్! ప్రాణం పోతాండాది."

"చెప్తా. ప్రాణం నిలబడినాక వానికి ఇల్లుండొద్దా?"

జీపు మలుపు తిరగబోతోంది. తిమ్మక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి బురదలో దానికి అడ్డంగా నడిచింది. పశువుల డాక్టరు బండిని ఆపిన చేత్తోనే అగ్నిమాపక దళాన్నీ ఆపింది.

"కొండప్ప చింతామణికి పోలే. ఇదో, ఈ షెడ్డులో ఉండాడు. ఈ పక్కకు తిప్పండి."

"అజ్జీ, ఆయన భార్య చింతామణి అంటోంది," అన్నాడు నాగరాజ్.

"ఆయమ్మకు తెలీదు. నా మోటారు స్టార్టరు పొద్దున్నించి ఫోన్ ఎత్తలేదు. చూసి రాప్పా అని కొండప్పను నేనే పంపినా. పోయేటోణ్ణి దారిలో ఆపి పంపినా. తప్పు నాదే. తిట్టేదుంటే తర్వాత తిట్టుకుందురు."

కెంపమ్మ ఏడుపు ఆగిపోయింది. గుమిగూడిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ఎక్కడున్నారన్న విషయంలో తిమ్మక్క నోట అబద్ధం వస్తుందన్న ఆలోచనే ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

నాగరాజ్ అనుభవం గల మనిషి. "అజ్జీ, టవరు సరిగ్గా లేదు. ఈ చుక్క ఎప్పటిదో ఏమో. పాతదైతే పడవను తప్పు చోటికి తీసుకుపోయినట్టే," అన్నాడు. చుట్టూ చూసి, తెల్లచొక్కాలో నిబ్బరంగా నిలబడిన రామచంద్రప్పను చూసి అడిగాడు. "సార్, మీరు చెప్పండి. ఈమె చెప్పేది నిజమేనా?"

రామచంద్రప్ప జీవితంలో అంత చిక్కు ప్రశ్న ఎదురుకాలేదు. మోటారు ఫోన్ ఎత్తింది. ఎత్తి, కన్నడంలో జవాబు కూడా చెప్పింది. ఆయన తన చెవులతో విన్నాడు. అంటే వదిన చెప్పింది అబద్ధం. కొండప్ప షెడ్డులో ఉన్నాడన్నది నిజం. ఒకే వాక్యంలో సగం నిజమూ సగం అబద్ధమూ ఉన్నప్పుడు ఏం చెయ్యాలో ఆయన చదివిన ఏ నిబంధనలోనూ లేదు.

ఆయన ఫోను అందుకుని కళ్ళద్దాలు సవరించుకున్నాడు. చుక్క కింద, అది చివరిసారి మారిన వేళ రాసి ఉంది. కట్ట తెగిన తర్వాతి వేళ. పటాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఆ పైన తిమ్మక్క పంపిన మెసేజ్ ఉంది: "షెడ్డు మీదికెక్కు. అరిచి అలిసిపోవద్దు. టార్చి దాచి పెట్టు. పడవ శబ్దమైతే వెలిగించు, ఆర్పు." దాని పక్కన అంతవరకూ ఒక్క గీతే ఉంది. ఆయన చూస్తుండగానే టవరు ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టుంది. పక్కన రెండో గీత పడింది.

"చూడండి," అన్నాడు రామచంద్రప్ప, కచేరీలో ఫైలు చదివే గొంతుతో. "ఈ సందేశం ఇప్పుడే అతని ఫోనుకు చేరింది. నీళ్ళలో మునిగిన ఫోనుకు సందేశం చేరదు. చుక్క కట్ట తెగిన తర్వాతిది. చింతామణి వైపు ఉన్నాడనడానికి ఉన్నది ఉదయం చెప్పిన నోటిమాట ఒక్కటే. పడవ ఈ పక్కకే పోవాలి."

"మరి ఆ మోటారు సంగతి నిజమేనా మామా?" అని కెంపమ్మ అడిగింది.

ఆయన ఆకాశం వైపు చూశాడు. అక్కడ సాక్షులెవరూ కనబడలేదు. "స్టార్టరు పొద్దున్నించీ సతాయిస్తాండాదమ్మా," అన్నాడు. "నేనూ అక్కడే ఉంటిని."

పడవ వంకలోకి దిగింది. వెలుతురు తగ్గుతోంది, నీళ్ళ మీద కొట్టుకొస్తున్న కొమ్మలూ గడ్డివాములూ మనుషుల్లా కనిపిస్తున్నాయి. చాలాసేపటికి దూరాన ఒక చిన్న వెలుగు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. కెంపమ్మ తిమ్మక్క భుజం గట్టిగా పట్టుకుంది. "అదే టార్చి," అంది తిమ్మక్క. "నేను చెప్పినట్లే చేస్తాండాడు. పద్యం ఒక్కటే వానికి గుర్తుండదు."

పడవ షెడ్డును సమీపించినప్పుడు జరిగింది నాగరాజ్ తర్వాత చెప్పి చెప్పి నవ్వాడు. చుట్టూ నీళ్ళు, షెడ్డు కప్పు మీద ఒక ఆకారం, చేతిలో ఒక గద. పడవ చప్పుడు విని, భయంతో వణుకుతున్న ఆ ఆకారం నోట పొద్దంతా వల్లించిన మాటే వచ్చింది. "ఎవరక్కడ?" అని రాజఠీవితో గర్జించింది.

"అగ్నిమాపక దళం, ప్రభూ," అన్నాడు నాగరాజ్. "దిగండి."

ఒడ్డుకు చేర్చగానే కొండప్ప ముందు భార్యను చూశాడు, తర్వాత తిమ్మక్కను చూశాడు, ఆ తర్వాత తన చేతిలోని గదను చూసుకున్నాడు. లోతు చూసుకోవడానికి పట్టుకున్నది. వదిలెయ్యాలన్న ఊహే రాలేదు. పాల కవర్లో భద్రంగా ఉన్న ఫోను మెడలో వేలాడుతోంది.

తిమ్మక్క అతనికి నోరు తెరిచే అవకాశం ఇవ్వలేదు. "నా మోటారు చూడబోయి ఎంత పనయిందప్పా కొండప్పా! స్టార్టరు బాగైందా?"

కొండప్ప నటుడే. "అయింది తిమ్మక్కా," అన్నాడు పళ్ళు టకటకలాడుతుండగా. "వైరు ఊడిండె."

కెంపమ్మ భర్తను తడిమి చూసుకుంది. కొంగుతో తల తుడిచింది. అప్పుడు ఆమె చూపు గద మీద పడింది.

"ఇదేంది?"

"మోటారు కాడ పాములుంటాయి కదమ్మా, నేనే ఇచ్చి పంపినా," అంది తిమ్మక్క.

"పాములకు బంగారు కాగితం చుట్టిన కర్రనా అక్కా?"

"పాముకు మాత్రం మర్యాద ఉండొద్దా?"

కెంపమ్మ ఆ మొహం చూసింది, ఈ మొహం చూసింది, రామచంద్రప్ప వైపు చూసింది. ఆయన వంకలోని నీటిమట్టాన్ని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. "సరే. అక్క చెప్పిందంటే అట్లే ఉంటాది," అని గదను చంకన పెట్టుకుని, భర్త చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. ఆమె నమ్మిందనడానికి ఆధారం లేదు, నమ్మలేదనడానికీ లేదు. ఆ గద ఇప్పుడు వాళ్ళింట్లో కోళ్ళ గంప ఎగిరిపోకుండా పైన బరువుగా ఉంది. తర్వాతి వారం కొండప్ప మార్కెట్టుకు బయలుదేరుతుంటే ఆమె సంగటి మూట చేతిలో పెట్టి, "మార్కెట్టుకైతే ఒక ముద్ద చాలు. మోటారు బాగుచేసేదుంటే రెండు పెట్టినా," అందట. కొండప్ప రెండూ తిన్నాడు.

వరద మరునాడు, వాన వెలిశాక, రామచంద్రప్ప వదిన ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె పాల కవర్లు ఆరేస్తోంది.

"వదినా, నిన్న నువ్వు అబద్ధం చెప్పినావు."

"నువ్వూ చెప్పినావు కదప్పా."

"నాది సమర్థన మాత్రమే. మూలం నీది." రాత్రంతా ఆయన ఒక విచారణ జరిపాడు. ఇన్నేళ్ళలో తిమ్మక్క ఫోను వల్ల ఊళ్ళో ఏ ఇంట్లో గొడవ జరిగిందా అని ఒక్కో ఇల్లూ తలచుకున్నాడు. ఒక్కటీ దొరకలేదు. "ఊళ్ళో ప్రతి మగవాడూ యాడికి పోతాడో, ప్రతి ఆడమనిషీ యాడికి పోతాదో నీకు తెలుసు. ఒక్కరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు. మరి ఎందుకు ఇదంతా?"

తిమ్మక్క కవరును విదిలించి దండెం మీద వేసింది.

"చెప్పుకునేదానికి కాదప్పా. మీ అన్న సినిమాకు పోతే నాకేం కోపం? పోనీ. నాకు 'ఇక్కడే' అని చెప్పుకోనీ. ఎవురో ఒకరికి నిజం చెప్పి పోయుంటే ఆంజనప్ప కాలు బాగుండు. మనుషులన్నాక అబద్ధాలు చెప్పుకుంటారు, చెప్పుకోకపోతే సంసారాలు నడుస్తాయా? అందరికీ అబద్ధం చెప్పుకోండి. నాకు మాత్రం నిజం చెప్పండి. వెతికేటోళ్ళు తప్పు చోట వెతక్కూడదు, అంతే."

రామచంద్రప్ప లేచి, మిగిలిన కవర్లను ఒక్కొక్కటీ ఆమెకు అందించాడు.

బుధవారం వచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "గ్రంథాలయానికి పోయొస్తానమ్మా," అని అంబికకు చెప్పాడు. వదిన గుమ్మం ముందు ఈసారి ఉపన్యాసం లేదు. బాగేపల్లి బస్టాండులో దిగాడు. ఒక వీధి తిరిగితే గ్రంథాలయం, దాని ఎదుట అయ్యంగార్ బేకరీ. గ్రంథాలయాన్ని గౌరవంగా ఒకసారి చూసి, ప్రతి బుధవారం లాగే రోడ్డు దాటాడు. మధుమేహం ఉన్న మామగారికి అంబిక కాఫీలో చెంచా చక్కెర కూడా వెయ్యదు. బేకరీవాడు ఆయన్ను చూడగానే అడగకుండానే కొబ్బరీ చక్కెరా కూరిన దిల్ పసంద్ ముక్కలు రెండు ప్లేటులో పెట్టాడు.

రామచంద్రప్ప కుర్చీలో కూర్చుని ఫోను బయటికి తీశాడు. ముక్కల వైపు చూశాడు. ఫోను వైపు చూశాడు. వ్యక్తిగత గోప్యతను ఒకసారి మనసులోనే తలచుకుని, సెలవు తీసుకుని, లొకేషన్ పంపాడు.

రెండు గీతలు పడ్డాయి. వెంటనే జవాబు వచ్చింది.

"గ్రంథాలయంలో బాగా కూర్చోప్పా. ఒక పుస్తకమే చదువు. రెండోది కట్టించుకురా, నేను చదువుతా."